ముందు లారీ ఆగిపోయిందట, మరి మనం చేరేసరికి రోడ్డెందుకు ఖాళీగా ఉంది? ట్రాఫిక్ సంఘటనల డేటాతో ఆలస్యాన్ని లెక్కగట్టే పద్ధతి

నిజాంపేట క్రాస్‌రోడ్స్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి పొద్దున తొమ్మిదికి బయల్దేరే ఎవరినైనా ఎంతసేపు పడుతుందని అడగండి. "ట్రాఫిక్‌ని బట్టి" అంటారు. నేనూ చాలా ఏళ్లు అదే అన్నాను. ఒకరోజు నాన్నని గచ్చిబౌలి వైపు హాస్పిటల్‌కి తీసుకెళ్తూ గంటన్నర ఇరుక్కుపోయాం. అపాయింట్‌మెంట్ పోయింది, ఆయన సీట్లో నీరసంగా వెనక్కి వాలిపోయారు, నాకు ఒకటే టెన్షన్. ముందెక్కడో లారీ ఆగిపోయిందన్నారు. తీరా మేం అక్కడికి చేరేసరికి లారీ లేదు, పోలీసులు లేరు, రోడ్డు ఖాళీ. మరి ఆ గంటన్నర ఎక్కడ పోయినట్టు?

ఆ ప్రశ్న పట్టుకుని నేర్చుకున్న పద్ధతి ఇది. ఎక్సెల్ వస్తే చాలు. పైథాన్ వస్తే కొన్ని చోట్ల పని తేలికవుతుంది, రాకపోయినా ఇబ్బంది లేదు. కావాల్సిందల్లా ఆరు వారాల ఓపిక.

మొదటి అడుగు: ఒకే దారి, ఒకే వైపు, ఒకే సమయం

హైదరాబాద్ ట్రాఫిక్ మొత్తాన్ని అర్థం చేసుకుందామని మొదలుపెడితే రెండో వారంలో వదిలేస్తారు. మీరు రోజూ వెళ్లే దారి ఒకటి ఎంచుకోండి. వెళ్లేటప్పటి లెక్క వేరు, వచ్చేటప్పటి లెక్క వేరు, రెండింటినీ కలపొద్దు. తర్వాత ఆ దారిని నాలుగైదు ముక్కలు చెయ్యండి. నా దారిలో ముక్కలు ఇవి: నిజాంపేట క్రాస్‌రోడ్స్ నుంచి జేఎన్‌టీయూ, అక్కడి నుంచి హైటెక్ సిటీ రైల్వే స్టేషన్, అక్కడి నుంచి సైబర్ టవర్స్, ఆ తర్వాత బయోడైవర్సిటీ జంక్షన్, చివరిగా ఆఫీసు గేటు. ఈ ముక్కలు చాలా ముఖ్యం. "ఈరోజు ఇరవై నిమిషాలు లేటు" అని మాత్రమే రాసుకుంటే ఏ సంఘటనతోనూ (ప్రమాదం, బండి ఆగిపోవడం, రోడ్డు పనులు లాంటివి) ముడిపెట్టలేరు. "సైబర్ టవర్స్ నుంచి బయోడైవర్సిటీ మధ్య ఇరవై నిమిషాలు పోయాయి" అని ఉంటే వెతకాల్సిన చోటు తెలుస్తుంది.

రెండో అడుగు: మీ ప్రయాణ సమయాలు రాయండి

సంఘటనల డేటా కోసం పరుగెత్తే ముందు ఇది కావాలి. ఆలస్యాన్ని కొలవకుండా దాని కారణం వెతకడం దండగ. బండి నడుపుతూ ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు, ఎంత ముఖ్యమైన లెక్కయినా సరే. ఫోన్లో గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్ చేసి ఉంచితే ఏ రోజు ఎన్నింటికి బయల్దేరారో, ఎన్నింటికి చేరారో దాంట్లో ఉంటుంది. ముక్కల సమయాలు కావాలంటే ప్రయాణాన్ని జీపీఎస్‌తో రికార్డు చేసే ఉచిత యాప్ ఏదైనా బయల్దేరే ముందు ఆన్ చేసి జేబులో పడేసుకోండి, దిగాక ఫైలు తీసి చూసుకోవచ్చు.

హైవే మీద తిరిగేవాళ్లకి ఇంకో మంచి దారి ఉంది, ఎందుకో దాన్ని ఎక్కువమంది వాడుకోరు. అదే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాలున్నాయి కదా, మీరు ఒక్కోటి ఎప్పుడు దాటారో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. పంతంగి సమయాన్ని కొర్లపహాడ్ సమయంలోంచి తీసేస్తే ఆ మధ్య దూరానికి పట్టిన సమయం వచ్చేసినట్టే. ఏడాదిలో పదిసార్లు ఊరెళ్లిన వాళ్ల దగ్గర పది ప్రయాణాల డేటా ఇప్పటికే ఉందన్నమాట. ఒక్క జాగ్రత్త: ఎస్ఎంఎస్ వచ్చిన సమయం తీసుకోవద్దు, అది ఒక్కోసారి బాగా ఆలస్యంగా వస్తుంది. టోల్ దాటిన సమయమే తీసుకోండి. మధ్యలో టిఫిన్‌కి ఆగిన ప్రయాణాలకు పక్కన గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఇడ్లీ తిన్న అరగంట కూడా ట్రాఫిక్ ఖాతాలోకి వెళ్తుంది.

మూడో అడుగు: సంఘటనల డేటా ఎక్కడ దొరుకుతుంది

మన దగ్గర చాలామంది మొదట చేసే తప్పు రోడ్డు ప్రమాదాల లెక్కలు తెచ్చుకోవడం. కేంద్ర రవాణా శాఖ ఏటా నివేదిక ఇస్తుంది. 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఐరాడ్ పేరుతో పోలీసులు ప్రమాదాలను నమోదు చేసే వ్యవస్థ కూడా ఉంది. ఇవన్నీ ప్రాణాలు కాపాడే పని కోసం పుట్టిన లెక్కలు, అందుకు చాలా విలువైనవి. మన ప్రశ్నకు మాత్రం సరిపోవు. ఫ్లైఓవర్ ఎక్కుతూ క్లచ్ పోయి ఆగిపోయిన ఆర్టీసీ బస్సు ఏ ప్రమాదాల నివేదికలోనూ ఉండదు, ఆ పూట వేలమందికి ఆలస్యం చేసింది మాత్రం అదే.

మనకు పనికొచ్చేవి రెండు. ఒకటి, హైదరాబాద్, సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పెట్టే అలర్ట్‌లు. ఫలానా చోట వాహనం బ్రేక్‌డౌన్ అయింది, ఫలానా వైపు వెళ్లే వాహనాలు నెమ్మదిగా కదులుతున్నాయి అనే తరహాలో ఉంటాయి. చిన్న వాక్యమే కానీ అందులో కారణం, చోటు, ఎటు నుంచి ఎటు అనే దిశ, పోస్టు చేసిన సమయం అన్నీ ఉంటాయి. చేత్తో ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి రోజుకి పది నిమిషాలు చాలు.

రెండోది మ్యాప్ కంపెనీల సంఘటనల ఫీడ్. నేను టామ్‌టామ్ అనే మ్యాప్ కంపెనీ ట్రాఫిక్ ఏపీఐ (ప్రోగ్రాం నుంచి అడిగితే డేటా పంపే సేవ) గురించి చెప్తాను, ఎందుకంటే చిన్న వాడకానికి అది ఉచితం. రోజుకి 2,500 అభ్యర్థనల వరకు డబ్బు కట్టక్కర్లేదు, ఐదు నిమిషాలకోసారి రోజంతా అడిగినా అయ్యేవి 288 మాత్రమే. మ్యాప్ మీద ఒక పెట్టె గీసి, అందులో ఇప్పుడున్న సంఘటనలన్నీ ఇమ్మని అడగాలి. నా దారికి సరిపోయే పెట్టె 78.32, 17.40 నుంచి 78.42, 17.53 వరకు. ఇక్కడ రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాయాలి, తిరగేసి రాస్తే ఏమీ రాదు. ఇంకా మూడు విషయాలు ముందే తెలిస్తే మీకు చాలా సమయం మిగులుతుంది. ఏయే వివరాలు కావాలో మీరే పేర్కొనాలి, లేకపోతే సంఘటన రకం, చోటు తప్ప పెద్దగా ఏమీ ఇవ్వదు. సమయాలన్నీ గ్రీనిచ్ లెక్కలో వస్తాయి, ఐదున్నర గంటలు కలపాలి. ఆలస్యం సెకన్లలో, పొడవు మీటర్లలో ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ ఫీడ్‌లో ప్రతి సంఘటనకూ ఒక రకం నంబరు ఉంటుంది. 1 అంటే ప్రమాదం, 7 అంటే ఒక లేన్ మూసేశారు, 8 రోడ్డు మూసేశారు, 9 రోడ్డు పనులు, 11 వరద నీళ్లు, 14 ఆగిపోయిన బండి. 6 అంటే జామ్. ఈ 6ని సంఘటనల లెక్కలో కలపొద్దు! జామ్ కారణం కాదు, ఫలితం. దాన్ని కారణాల్లో వేస్తే "జామ్ వల్ల జామ్ అయింది" అనే సమాధానమే వస్తుంది, పైగా వరసల్లో ఎక్కువ భాగం అవే ఉండి మిగతావాటిని కప్పేస్తాయి. 6 అని ఉన్న వరసలను వేరే షీట్‌లో పెట్టుకోండి, క్యూ ఎంత పొడవుందో చూడటానికి తర్వాత పనికొస్తాయి.

నాలుగో అడుగు: శుభ్రం చెయ్యడం

విసుగు పుట్టించే పని ఇదే. దీన్ని దాటేస్తే మాత్రం తర్వాత వచ్చే అంకె ఏదీ నమ్మలేం. ఒకే లారీ గురించి పోలీసులు రెండుసార్లు పోస్టు పెడతారు, టామ్‌టామ్‌లోనూ అదే లారీ వేరే నంబరుతో మళ్లీ కనిపించొచ్చు. అరకిలోమీటరు లోపు, ఇరవై నిమిషాల లోపు, ఒకే దిశలో ఉన్నవాటిని ఒకటిగా కలిపేయండి. దిశ తెలియని వరసను ఊహించి నింపొద్దు, ఖాళీగా వదిలేయండి.

సమయం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పోస్టు పెట్టిన సమయం బండి ఆగిన సమయం కాదు. ఎవరో చూసి, కానిస్టేబుల్‌కి తెలిసి, ఆయన కంట్రోల్ రూమ్‌కి చెప్పి, వాళ్లు పోస్టు పెట్టేలోపు కొంత సమయం గడిచిపోతుంది. అందుకే "తెలిసిన సమయం" అని ఒక కాలమ్, "తొలగించిన సమయం" అని ఇంకో కాలమ్ పెట్టుకోండి. తొలగించారన్న కబురు చాలాసార్లు రాదు. అలాంటి చోట సున్నా వెయ్యొద్దు, అలా వేస్తే ఆ బండి క్షణంలో మాయమైందని మీ షీట్ నమ్ముతుంది.

ఐదో అడుగు: దేనితో పోల్చి ఆలస్యం అంటున్నారు?

నా ఉద్దేశంలో మొత్తం పద్ధతిలో అసలైన అడుగు ఇదే, మిగతావన్నీ దీనికి సామాన్లు మోసేవి. ఒక ఉదాహరణ తీసుకుందాం. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద మీ దారికి 28 నిమిషాలు పడుతుంది. మామూలు మంగళవారం పొద్దున తొమ్మిదికి 52. ఈరోజు 71 పట్టింది. 71లోంచి 28 తీసేసి 43 నిమిషాలు పోయాయి, అదంతా ఆ లారీ వల్లే అంటే లారీకి అన్యాయం చేసినట్టే. 24 నిమిషాలు లారీ ఉన్నా లేకున్నా రోజూ పోయేవే. లారీని అడగాల్సింది మిగతా 19 నిమిషాల గురించి.

ఆ 52 ఎలా వస్తుందంటే, వారంలో అదే రోజున (మంగళవారమైతే మంగళవారాలే), అదే అరగంటలో బయల్దేరిన ప్రయాణాలన్నీ తీసుకుని మీడియన్ (చిన్నది నుంచి పెద్దదాకా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) కట్టాలి. సగటు వద్దు, ఒక్క పెద్ద వాన రోజు చాలు సగటును పైకి ఎగదోయడానికి. ఐటీ కారిడార్‌లో ఇప్పుడు వారమంతా ఒకేలా లేదు, హైబ్రిడ్ పని (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) వచ్చాక మంగళ, బుధ, గురువారాలు ఒక తీరు, సోమ, శుక్రవారాలు ఇంకో తీరు. ఆరు వారాల్లో సోమవారాలు ఆరు, మంగళవారాలు ఆరు, ఇలా ఆరేసి రోజులే వస్తాయి కాబట్టి ఆ మూడింటినీ ఒక గుంపుగా, ఈ రెండింటినీ ఒక గుంపుగా చేసుకోండి. దసరా సెలవులు, సంక్రాంతి వారం, గణేశ్ నిమజ్జనం రోజు పూర్తిగా పక్కన పెట్టండి.

ఈ విడదీయడం ఎందుకంత ముఖ్యమో అమెరికా ఫెడరల్ హైవే విభాగం ఎప్పటినుంచో చెప్పే లెక్కలో కనిపిస్తుంది. వాళ్ల అంచనాలో రద్దీలో 40 శాతం రోడ్డు ఇరుకైన చోట్ల వల్ల, 25 శాతం సంఘటనల వల్ల, 15 శాతం వాతావరణం వల్ల, 10 శాతం రోడ్డు పనుల వల్ల, సిగ్నల్ టైమింగ్ సరిగా లేక 5, ప్రత్యేక కార్యక్రమాల వల్ల 5. అవి వాళ్ల రోడ్ల అంకెలు, తెచ్చి హైదరాబాద్‌కి అతికించకూడదు. కానీ సంఘటనల వాటా పెద్దదే అయినా మొత్తం అదే కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఆరో అడుగు: సంఘటననీ ఆలస్యాన్నీ కలపడం, ఖాళీ రోడ్డు రహస్యం

ఇప్పుడు నాన్నతో ఇరుక్కున్న రోజుకి వద్దాం. మూడు లేన్ల రోడ్డు, లేన్‌కి గంటకి 1,800 బళ్ల చొప్పున మొత్తం 5,400 వెళ్లగలవు అనుకుందాం. వచ్చేవి గంటకి 4,500. అంటే మామూలుగా సాఫీగా పోవాలి. ఒక లేన్‌లో లారీ ఆగింది. మూడింట ఒక వంతే పోయింది కదా, 3,600 వెళ్తాయి అనిపిస్తుంది. వెళ్లవు. అమెరికాలో రోడ్డు ఇంజినీర్లు వాడే హైవే కెపాసిటీ మాన్యువల్ ప్రకారం మూడు లేన్లలో ఒకటి మూసుకుపోతే మిగిలేది 49 శాతమే, ఎందుకంటే పక్క లేన్లోకి దూరేవాళ్లు, తొంగిచూసేవాళ్లు మిగతా రెండు లేన్లనూ నెమ్మది చేస్తారు. అంటే గంటకి సుమారు 2,650 బళ్లు.

లారీ అరగంట ఉంటే వెనక 925 బళ్ల దాకా పోగవుతాయి. లారీని తీసేశారు. ఇప్పుడు రోడ్డు 5,400 తీసుకోగలదు కానీ 4,500 ఇంకా వస్తూనే ఉన్నాయి, అంటే క్యూ గంటకి 900 చొప్పునే తరుగుతుంది. పూర్తిగా కరగడానికి ఇంకో గంట పైనే! అరగంట అడ్డంకికి గంటన్నర పాటు క్యూ. మేం చూసిన ఖాళీ రోడ్డు ఇదే. మేం చేరేసరికి లారీ వెళ్లిపోయింది, దాని క్యూ మాత్రం వెనక్కి, వెనక్కి పాకుతూ మా మీదికి వచ్చింది. మన రోడ్ల మీద లేన్ పాటించేవాళ్లు తక్కువ, ఆటోలూ బైకులూ కలిసిపోయి ఉంటాయి, కాబట్టి అంకెలు మారతాయి. క్యూ పెరిగి కరిగే తీరు మాత్రం మారదు.

అందుకే కలిపేటప్పుడు నియమం ఇలా పెట్టుకోండి. సంఘటన జరిగిన ముక్కనే కాదు, దానికి వెనకున్న రెండు ముక్కలను కూడా చూడాలి. బయోడైవర్సిటీ దగ్గర బండి ఆగితే దెబ్బ సైబర్ టవర్స్ దగ్గర కనిపిస్తుంది. సమయంలో తెలిసిన క్షణానికి పది నిమిషాల ముందు నుంచి, తొలగించాక కనీసం గంట వరకు చూడాలి. తొలగించిన సమయం లేకపోతే తెలిసిన క్షణం నుంచి గంటన్నర. ఆ వ్యవధిలో మీరు ఆ ముక్కలు దాటి ఉంటే ఆ రోజు వరసలో సంఘటన నంబరు వేసి, పక్కన అదనపు నిమిషాలు రాయండి. సంఘటన దాటిన తర్వాతి ముక్కలు మామూలు కంటే వేగంగా సాగితే కంగారు పడొద్దు, లెక్క సరిగా ఉందనడానికి అదే గుర్తు. వెనక బళ్లు ఆగిపోయాయి కాబట్టి ముందు రోడ్డు ఖాళీ అవుతుంది.

ఏడో అడుగు: మీ ఫలితాన్ని మీరే అనుమానించండి

షీట్ నిండాక "బ్రేక్‌డౌన్ ఉన్న రోజుల్లో ఇన్ని నిమిషాలు ఎక్కువ" అని ఒక అంకె వస్తుంది. దాన్ని నమ్మే ముందు ఏ రోజు వాన పడిందో ఒక కాలమ్‌లో రాసుకుని చూడండి. వాన పడితే అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయి, బళ్లు కూడా అదే వానకి ఆగిపోతాయి, అన్నీ ఒకేసారి. వాన రోజులను విడదీసి పొడి రోజులతోనే ఒకసారి లెక్క కట్టండి. రెండో చిక్కు ఏమిటంటే జామ్ పెద్దదైతేనే అలర్ట్ వస్తుంది. మధ్యాహ్నం ఖాళీ రోడ్డు పక్కన ఆగిన కారు గురించి ఎవరూ పోస్టు పెట్టరు. కాబట్టి మీ షీట్‌లోకి చేరినవి ఎక్కువగా పెద్దవే, ప్రతి బ్రేక్‌డౌన్ అంత నష్టం చేస్తుందని చెప్పడానికి లేదు. ఏ అలర్టూ లేకుండా బాగా లేటైన రోజులు కూడా ఉంటాయి, వాటిని పారేయకండి. అవి ఎన్ని ఉన్నాయో చూస్తే మీ సంఘటనల డేటా ఎంత పలచగా ఉందో తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ. ముఖ్యంగా ఫ్రీమాంట్ నుంచి సన్నీవేల్ వైపు తిరిగేవాళ్లకి కాలిఫోర్నియా రవాణా శాఖ వారి పెమ్స్ అనే ట్రాఫిక్ డేటా వెబ్‌సైట్ ఉంది, ఖాతా ఉచితం. రోడ్డులో పాతిన సెన్సర్ల నుంచి ఐదు నిమిషాలకోసారి వేగం, బళ్ల సంఖ్య, పక్కనే హైవే పెట్రోల్ నమోదు చేసిన సంఘటనలు, రెండూ ఒకే చోట దొరుకుతాయి. పై ఆరో అడుగు చేసి చూడటానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అలాగే డేటా పంచుకునే కాగిల్ వెబ్‌సైట్‌లో యూఎస్ యాక్సిడెంట్స్ అనే డేటా ఉంది, 2016 ఫిబ్రవరి నుంచి 2023 మార్చి వరకు సుమారు 77 లక్షల వరసలు. దాన్ని దించుకున్నవాళ్లలో చాలామంది అందులోని 1 నుంచి 4 వరకు ఉండే తీవ్రత కాలమ్‌ని గాయాల తీవ్రత అనుకుంటారు. అది ట్రాఫిక్ మీద పడిన ప్రభావం తీవ్రత. మన ప్రశ్నకు సరిగ్గా కావాల్సింది అదే.

ఎనిమిదో అడుగు: ఇక వాడుకోవడం

మొదటి వాడకం ఎప్పుడు బయల్దేరాలో నిర్ణయించుకోవడం. ఆఫీసుకైతే మీడియన్ చాలు. నాన్న అపాయింట్‌మెంట్‌కీ, శంషాబాద్‌లో విమానానికీ మీడియన్ పనికిరాదు, రెండు రోజుల్లో ఒకరోజు ఆలస్యమవుతారు. ఎక్సెల్‌లో 90వ పర్సెంటైల్ తీయండి, పది రోజుల్లో తొమ్మిది రోజులు అంతలోపు చేరతారు. బయల్దేరబోతుంటే అలర్ట్ వచ్చిందా? తొలగించామన్న కబురు వచ్చినా వెంటనే పరుగెత్తొద్దు, క్యూ కరగడానికి పట్టే సమయం మీ షీట్‌లోనే ఉంది. ఆ గంట ఇంట్లో పని చేసుకోవచ్చేమో చూసుకోండి, లేదా ఆ ముక్కను తప్పించే దారి ఉంటే అప్పుడు తీసుకోండి.

రెండో వాడకం నాకు ఇంకా ఇష్టం. ఆరో అడుగులోని లెక్కనే మళ్లీ కట్టండి, లారీ అరగంట కాకుండా పావుగంటే ఉందనుకుని. బళ్లన్నిటి ఆలస్యం కలిపితే అరగంట లారీకి దాదాపు 710 బండి-గంటలు (ఒక బండికి గంట ఆలస్యమైతే ఒక బండి-గంట) వస్తాయి, పావుగంట లారీకి సుమారు 177. సగం సమయంలో తీసేస్తే నష్టం పావు వంతుకి పడిపోతుంది. కాబట్టి మీ షీట్‌లో ఒకే ఫ్లైఓవర్ ర్యాంపు, ఒకే గంటలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే దాన్ని మీ దగ్గరే ఉంచుకోకండి. ఆ ప్రాంతపు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి ఒక పేజీ రాసి ఇవ్వండి: చోటు, దిశ, తేదీలు, తెలిసిన సమయం, తొలగించిన సమయం, ఏ రకం బండి, క్యూ ఎక్కడిదాకా వచ్చింది. కింద ఒక్కటే అడగండి, పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు వరకు రికవరీ వ్యాన్‌ని ఆ ర్యాంపు దగ్గరే నిలబెట్టగలరా అని.